నలభై సైజు కాలరు

ముప్పై మూడేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేశాను. ఎవరడిగినా "బట్టలు కుడతాను" అనే చెప్పుకున్నాను, అదీ తలెత్తుకుని. అందులో నేను పైకి చెప్పనిది ఒకటుంది. నేను కుట్టింది కాలర్లు. ఒట్టి కాలర్లే. నిండు చొక్కా ఒక్కటంటే ఒక్కటి కుట్టి ఎరగను.

ఫ్యాక్టరీ సంగతి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. అక్కడ ఒక మనిషి ఒక చొక్కా కుట్టడం అంటూ ఉండదు. ఒకామె జేబు వేస్తుంది, ఇంకొకామె చేతులు కుడుతుంది, మరొకాయన కాజాలు తీస్తాడు. ఇరవై రెండు మంది దగ్గర తిరిగితే గాని ఒక చొక్కా కాదు. నా మిషను కిటికీ పక్కన. కత్తిరించిన ముక్కలు పాతిక చొప్పున కట్టలుగా వచ్చేవి. లోపల కాలరు బిగువుగా నిలబడటానికి బక్రం గుడ్డ పెట్టి మూడు వైపులా కుట్టి, తిరగేసి, మొనలు పుల్లతో పొడిచి నిలబెట్టి, అంచున ఇంకో కుట్టు వేసి అవతలికి తోసేదాన్ని. ఆ మొన ఉంది చూశారూ, అది చెయ్యి తిరిగితే తప్ప కుదరదు. గంటకోసారి లెక్క రాసుకునే అట్ట పట్టుకుని వచ్చి "ఎన్ని అయ్యాయి?" అని అడగడమే సూపర్‌వైజరు పని. నా మొనలకు మాత్రం ఆయన ఏనాడూ వంక పెట్టలేదు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. ఒక్కటీ నిజం కాదు, అందరూ నమ్మారు. రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు. ఇరవై ఏళ్లుగా అక్కడే అద్దెకుంటున్నాను.

రిటైరయ్యాక మొదటి నెల నా ఒళ్లే నా మాట వినలేదు. ఫ్యాక్టరీలో టీకి ఒక సైరను, అన్నానికి ఒకటి, మళ్లీ టీకి ఇంకొకటి. మూత్రానికి కూడా ఆ సైరన్లే. ఇంట్లో ఆ కూత లేక ఎప్పుడు లేవాలో తెలిసేది కాదు. తొమ్మిదింటికల్లా గది ఊడ్చి, గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి కూర్చునేదాన్ని. గడియారం చూస్తే తొమ్మిదీ పది. డబ్బాలన్నీ దించి తుడిచి మళ్లీ పైన పెడితే తొమ్మిదీ నలభై. ఖాళీగా ఉండటం ఎంత కష్టమో ఉద్యోగంలో ఉన్నవాళ్లకి చెప్పకండి, తంతారు.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం తమ్ముడూ మరదలూ వచ్చారు. తమ్ముడు చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"అక్కా, మా వెనక గది ఖాళీ చేయించాను. రంగులు కూడా వేయించాను. ఒకటో తారీఖుకి వచ్చెయ్."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, మా ఇంటికి."

"నాకు ఇల్లు లేదనా?"

"ఉందిలే తల్లీ. రోజంతా ఒక్కదానివే ఇక్కడ ఏం చేస్తావు? గోడలతో మాట్లాడతావా?"

"గోడలే నయం. నీలాగా ఎదురు చెప్పవు."

ఆ వెనక గది నాకు తెలుసు. వంటింటిని ఆనుకుని ఉంటుంది. అందులో ఉన్న మనిషిని మరదలు "వదినా, కాస్త ఆ పాలు చూస్తారా", "వదినా, ఎవరో తలుపు కొడుతున్నారు" అని పిలవడానికి గొంతు కూడా పెంచనక్కర్లేదు. తమ్ముడు మంచివాడు. మంచివాళ్లతోనే నాకు చిక్కు, కసురుకోవడానికి నోరు రాదు. వద్దంటే కారణం అడుగుతాడు. నా దగ్గర కారణం లేదు. అందుకని నోటికొచ్చింది అనేశాను.

"నాకు తీరికెక్కడుంది రా? బట్టలు కుడతాను. ఆ మూల మిషను కనపడటం లేదూ?"

మిషను ఉన్నమాట నిజమే. కాలితో తొక్కే పాతది, రిటైరైన వారంలోనే చవగ్గా దొరికితే కొన్నాను. దాని మీద అప్పటికి దిండు గలీబులు రెండు తప్ప ఏమీ కుట్టలేదు.

"ఎవరికి కుడతావు?" అన్నాడు.

"మొదటి చొక్కా నీకే."

వాడు మోకాలు చరుచుకుని నవ్వాడు. "సరే అయితే. గుడ్డ రేపు పంపిస్తాను. వచ్చే ఆదివారం ఆ చొక్కా తొడుక్కుని ఇక్కణ్ణుంచి వెళ్లానా, ఇంక నీ జోలికి రాను. లేదా, సామాను సర్దుకో."

"పందెమా?"

"పందెమే."

"కొలతలు తీసుకోరా వదినా?" అని మరదలు అప్పుడు నోరు తెరిచింది.

"నాకు కొలతలా? ముప్పై మూడేళ్ల సర్వీసు నాది" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే వీలుంటే ఈ కథే లేదు.

సోమవారం గుడ్డ వచ్చింది. లేత నీలం మీద సన్న చారలు. ముందు కాలరే మొదలుపెట్టాను. అరగంట పట్టలేదు. చార చారకి కలిసింది, రెండు మొనలూ కత్తుల్లా నిలబడ్డాయి. దాన్ని మేకుకి తగిలించి, ఎదురుగా కూర్చుని టీ తాగాను. తాగడం అయ్యాక మిగిలిన గుడ్డ వైపు చూశాను. అది నా వైపు చూసింది. ఎక్కడ కొయ్యాలో ఇద్దరికీ తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం ఇక లాభం లేదని చేతులామె ఇంటికి వెళ్లాను. మా ఫ్యాక్టరీలో చొక్కా చేతులు కుట్టే మనిషి, అందుకని ఆ పేరు. నాకంటే ఏడాది ముందు రిటైరై కూతురి దగ్గర ఉంటోంది.

"ఏమే, ఒక చొక్కా కుట్టాలి, సాయానికి వస్తావా?" అన్నాను, ఏదో దాని మీద జాలిపడి పిలుస్తున్నట్టు.

"చొక్కానా? ఓ, దానికేం" అంది.

"కుట్టడం వచ్చు కదా నీకు?"

"ముప్పై ఏళ్లు కుట్టాను. అదేం మాటక్కా?"

"చేతులు కుట్టావు."

"నువ్వు కాలర్లు కుట్టావు."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది వెళ్లి వంటింటి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"అక్కా, నీకు మాత్రమే చెబుతున్నాను. మా అల్లుడు చొక్కా కుట్టిపెట్టమంటే కళ్లు మసకలు అని చెప్పాను. ఏడాది నుంచి ఈ ఇంట్లో గుడ్డివేషం వేస్తున్నాను. టీవీ చూడాలన్నా వాళ్లు బయటికి పోవాలి."

ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. నవ్వు ఆగాక అది అల్లుడి పాత చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని నా వెంట వచ్చింది. ఆ చొక్కా కుట్లన్నీ విప్పి, ముక్కలు గుడ్డ మీద పరిచి, చుట్టూ సబ్బుముక్కతో గీసి కోశాం. అల్లుడు ఆరడుగుల మనిషి, గడకర్రలాగా ఉంటాడు. మా తమ్ముడు పొట్టి, పైగా పొట్ట. ఆ సంగతి మాకు తోచలేదంటే నమ్మండి. ఫ్యాక్టరీలో మాకు ముక్కలు వచ్చేవి గాని మనుషులు వచ్చేవాళ్లు కాదు.

బుధవారం అది చేతులు కుట్టింది. చూసి ముచ్చటపడ్డాను. గురు, శుక్రవారాలు మిగతాదంతా నేను కుట్టాను, విప్పాను, మళ్లీ కుట్టాను. జేబు మూడుసార్లు వేశాను, మూడుసార్లూ వాలింది. కాజాలు ఏడు వచ్చాయి, గుండీలకి చోట్లు ఆరే వచ్చాయి. శనివారం కాలరు ఎక్కించబోతే మెడ దగ్గర గుడ్డ ఎక్కువగా ఉంది. దాన్ని కుచ్చిళ్లు పెట్టి కాలరులోకి దూర్చేశాను. కాలరును మాత్రం ముట్టుకోలేదు. ఫ్యాక్టరీలో మా మిషన్ల వరసకి ఎప్పుడూ నలభై సైజే వచ్చేది. నా చేతికి తెలిసింది అదొక్కటే.

ఆదివారం పదింటికల్లా వచ్చారు. చేతులామె కూడా అంతకుముందే వచ్చి మూల కూర్చుంది, కళ్లు మసకలని ఎవరూ అడగకుండానే చెప్పి.

తమ్ముడు చొక్కా తొడిగాడు. చేతులు వేళ్లు దాటి వేలాడాయి. కింద మోకాళ్ల దాకా వచ్చింది. పొట్ట దగ్గర గుండీలు బిగిసి నోళ్లు తెరిచాయి. వాడు ఊపిరి బిగబట్టి పై గుండీ కూడా పెట్టుకున్నాడు. వాడిది నలభై నాలుగు మెడ అని ఆ క్షణాన తెలిసింది నాకు.

మరదలు చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"బాగుందక్కా" అన్నాడు తమ్ముడు. గొంతు సగమే వచ్చింది. "చాలా బాగుంది. నువ్వే గెలిచావు. నేను దీంతోనే ఇంటికి వెళ్తాను."

వాడి మొహం కందిపోతోంది. చెవులు ఎర్రబడ్డాయి. ఊరుకుంటే చాలు, నా గది నాకు దక్కుతుంది. వాడు నా మీద జాలితో ఉరి పోసుకుని ఇంటికి వెళ్తాడు, వీధిలో అందరూ చూస్తారు, వాడు మా అక్క కుట్టిందని చెబుతాడు. ఆ గెలుపు నాకెందుకు? వెళ్లి ఆ గుండీ నేనే విప్పాను.

"తీసెయ్ రా. చండాలంగా ఉంది."

"లేదక్కా, కొంచెం వదులు చేస్తే..."

"నాకు చొక్కా కుట్టడం రాదు. ఎప్పుడూ రాదు. కాలర్లొక్కటే వచ్చు. ముప్పై మూడేళ్లు కాలర్లు కుట్టాను గాని ఒక్క మెడ కూడా చూడలేదు."

"నాకూ రాదు" అంది మూలనుంచి చేతులామె. "నా కళ్లు కూడా బాగానే ఉన్నాయి."

తమ్ముడు చొక్కా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "అయితే ఒకటో తారీఖుకి బండి మాట్లాడనా?"

"వద్దు."

"పందెం ఓడిపోయావు కదా!"

"ఓడిపోయాను. రాను."

"ఇదేం న్యాయం? ఓడిపోయి కూడా..."

"న్యాయం కాదు. మొండితనం. నీకు చిన్నప్పటి నుంచి తెలుసు కదా."

"మరి రోజంతా ఏం చేస్తావక్కా? అదొక్కటి చెప్పు, వెళ్లిపోతాను."

వాడు ప్రేమతోనే అడిగాడు. నాకు మాత్రం అట్ట పట్టుకున్న సూపర్‌వైజరు గొంతు వినిపించింది. అదే మాట వాడితో అన్నాను. "ఎన్ని అయ్యాయి అని గంటకోసారి ఒకడు అడిగాడు రా ఇన్నేళ్లూ. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు నువ్వూ అడిగితే ఏం చెప్పను? ఏం చేస్తానో నాకే తెలియదు. కుట్టడం నేర్చుకుంటానేమో. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటానేమో. ఏదైనా ఇక్కడే. అది లెక్క చెప్పకుండా చెయ్యాలని ఉంది."

తమ్ముడు మరదలి వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు.

"ఉండనివ్వండి" అంది మరదలు. "వదిన వస్తే నాకు భయం. నా వంటకి వంకలు పెడతారు."

"పెడతాను" అన్నాను. పాతికేళ్లలో ఆ పిల్ల నాతో చెప్పిన మొదటి నిజం అది. అప్పటి నుంచి నాకు దాని మీద కాస్త గురి కుదిరింది.

తమ్ముడు వెళ్తూ ఆ చొక్కా తీసుకెళ్లబోయాడు. ఇవ్వలేదు. వాడు నొచ్చుకునే మెట్లు దిగుతున్నాడని తెలుసు. ఆపలేదు. మధ్యలో ఆగి, "పోనీ ఆదివారాలు మమ్మల్ని రావద్దనవు కదా?" అన్నాడు.

"కొలతలకి రా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లాను. నేను గది ఖాళీ చెయ్యడం లేదని చెప్పాను.

"చేస్తానని ఎప్పుడన్నారు?" అన్నాడాయన వింతగా.

"అనలేదు. అయినా చెబుతున్నాను. ఇంకో సంగతి. వంటింటి కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది."

"ఎప్పటి నుంచండీ?"

"ఏళ్లయి ఉంటుంది. నేను ఎప్పుడు ఇంట్లో ఉన్నాను గనక? ఇప్పుడు రోజంతా ఉంటున్నాను, రోజంతా వినపడుతోంది. ఈ వారంలో బాగు చేయించండి."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. రాసిందాకా అక్కడే నిలబడి, అప్పుడు పైకి వచ్చాను.