భూమేశ్ అరచేతి పొగమంచు

భూమేశ్‌ది మెట్‌పల్లి దగ్గర పల్లె. దుబాయ్ పోతున్నానని ఊళ్లో చెప్పి వచ్చి, పదకొండేళ్లు రాస్ అల్ ఖైమాలో టైల్స్ పరిచాడు. కరోనా దెబ్బకు కంపెనీ మూతపడింది. ఆ మరుసటి ఏడు షార్జాలో, అల్ నహ్దాలో, ఒక స్టూడియోకి నేల పరిచే పని దొరికింది.

ఆ స్టూడియో కాకినాడ నుంచి వచ్చిన చిత్రకారిణి అలేఖ్యది. మైనం పూసిన రాగి రేకు మీద సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచి, పడిన గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పేది. ఆమె తుడిచే తీరు చూసి భూమేశ్‌కు ఉండబట్టలేదు.

"గట్ల గీకితె సందులల్లకెల్లి అంత ఎల్లిపోతది మేడం. జెర ఇటియ్యుండ్రి."

టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు నింపి, పైన తుడిచిన చెయ్యి అది. సిరా గాట్లలో కదలకుండా నిలిచింది. కాకపోతే ఒక మూల పలచని పొర మిగిలిపోయింది. టైల్స్ పనిలో అలాంటి మసక కనబడితే ముదీర్, అంటే మేనేజరు, తిట్ల దండకం ఎత్తుకుంటాడు. భూమేశ్ నాలుక కరుచుకున్నాడు. అలేఖ్య మాత్రం కాగితం ఎత్తి చూసి ఎగిరి గంతేసింది. బొమ్మలోని షార్జా ఖోర్ మీద, ఆ సముద్రపు పాయ నీళ్ల మీద, పొద్దుటి పొగమంచు దిగింది మరి!

అప్పట్నుంచి అతను అక్కడే. ఒకే రేకు మీద ఒకసారి తెల్లవారేది, ఒకసారి మిట్టమధ్యాహ్నం మండేది, ఒకసారి ఇసుకగాలి లేచేది. గీతలు ఆమెవి. ఆ గాలీ వెలుగూ భూమేశ్ అరచేతివి.

గడియకో రంగు మారే వెలుగును పట్టుకున్న పాత ఫ్రెంచి చిత్రకారులంటే అలేఖ్యకు ప్రాణం. వాళ్లలో ఒకాయన ఇంట్లోనే ప్రెస్సు పెట్టుకుని, ఒక్కో కాగితానికి ఒక్కో తీరుగా సిరా తుడిచేవాడని భూమేశ్‌కు వందసార్లు చెప్పింది. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

అది చెప్పింది కరుణ. స్టూడియోలో పనిచేసే నిజామాబాద్ పిల్ల. నిరుడు శీతాకాలం ప్రదర్శనకు బొమ్మల కింద పెట్టే చీటీలు రాస్తూ అడిగింది.

"భూమన్నా, మేడం సంతకం పక్కన ఐ, ఎం, పి అని మూడు అక్షరాలుంటయి సూసినవా? గీసినోళ్లే సొంతంగ అచ్చు గుద్దిండ్రని దానర్థమట. ఆ ఫ్రెంచోళ్లు గట్లనే రాస్తుండిరట. మరి గుద్దింది నువ్వు గదనే?"

భూమేశ్‌కు ఒళ్లు మండిపోయింది. మండదా? నాలుగేళ్లు వేలిముద్రలు అరిగేలా రుద్దింది ఎవరు? తిన్నగా పోయి అలేఖ్యనే అడిగాడు.

"అబ్బా, అదో పాత అలవాటు భూమేశ్. నిన్ను మా ఇంటి మనిషిలా చూసుకోవట్లేదా ఏంటి?" అంది.

ఇంటి మనిషట! ఇంటి మనిషి పేరు రాస్తే పెన్సిలేమైనా అరిగిపోతుందా? అయినా భూమేశ్ పళ్లు బిగించి మళ్లీ రేకు తుడవబోయాడు. వీసా ఆమె చేతిలో ఉంది.

ప్రదర్శన స్టూడియోలోనే పెట్టారు. గోడ నిండా ఖోర్ బొమ్మలు. వచ్చినవాళ్లలో ఒకావిడ సంతకం పక్కన అక్షరాలు చూసి, "మీరే అచ్చు వేస్తారన్నమాట! ఒకటి వేసి చూపించండి," అని ముచ్చటపడింది. కాదంటే పరువు పోతుంది. అలేఖ్య సిరా పూసి, తుడిచి, ప్రెస్సు తిప్పింది. కాగితం ఎత్తితే ఉత్త గీతలు. మంచు లేదు, నీళ్లూ లేవు.

"మా కుర్రాడు ఇవాళ సిరా సరిగ్గా కలపలేదు," అని అలేఖ్య నవ్వేసింది.

నలభై మూడేళ్ల భూమేశ్ ఆమెకు కుర్రాడు! పేరు లేకపోతే మానె, నింద కూడా తనకేనా? జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. అదే సిరా, అదే రేకు. గుడ్డతో నాలుగు తిప్పులు, చివర అరచేత్తో ఒక్క నిమురు. కాగితం లేచేసరికి ఖోర్ మీద మంచు దిగింది. అందరూ అతని చేతుల వంక చూశారు.

అలేఖ్య అలవాటుగా పెన్సిల్ తీసి సంతకం చేసింది. మూడక్షరాలూ మొదలుపెట్టబోయింది.

"ఆగుండ్రి మేడం," అన్నాడు భూమేశ్. "గీసింది మీరు. గుద్దింది నేను. ఇంతమంది సూసిండ్రు. నా పేరు రాయుండ్రి."

అలేఖ్య మొహం కందిపోయింది. తల దించుకుని రాసింది: అచ్చు, భూమేశ్. అతను దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. తర్వాత తలెత్తి గోడ వైపు చూశాడు. అక్కడ ఇంకా పద్దెనిమిది బొమ్మలున్నాయి, అన్నిటి మీదా ఆ మూడక్షరాలే.

"యల్లా మేడం, కానియ్యుండ్రి," అన్నాడు. "గవి గూడ దింపుండ్రి."