అమావాస్య నాటి నీళ్ళు

ఉదయగిరిలో పుట్టిన నా కోపాన్ని ఆత్మకూరు తీసుకెళ్ళి చూపించుకున్నాను. ఊరి పేరులోనైనా ఆత్మ ఉంది కదా అని. అక్కడి కౌన్సెలింగ్ మేడం నేర్పిన వైద్యం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. ఆ పేరు తప్పు లేకుండా పలికేలోపే నాకు సగం కోపం దిగిపోయేది.

అంతకు ముందు ఏడాది బోరు నీళ్ళ తగాదాలో తమ్ముణ్ణి కర్రతో కొట్టాను. వాడి కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు.

“కోపం రావడం మీ చేతిలో లేదు. చెయ్యి మాత్రం మీ చేతిలోనే ఉంటుంది,” అంది మేడం. “ముందు ఆగండి. ఊపిరి బిగబట్టి చల్లటి నీళ్ళలో ముఖం ముంచండి. తర్వాత, నిజంగా జరిగిందేమిటో, మీరు అనుకున్నదేమిటో విడదీసి చూడండి.”

మా నిమ్మతోటలు రెంటికీ బోరు ఒక్కటే. రోజు మార్చి రోజు వంతు. మొన్న ఏప్రిల్లో ఒక ఉదయం నా వంతని పోతే నా కాలువ ఎండి ఉంది. నీళ్ళు తమ్ముడి చెట్ల కింద పారుతున్నాయి. వాడు గేటువాల్వు దగ్గర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మోటారు మోతలో నా అడుగులు వాడికి వినపడవు. పాదులు తవ్వడానికి తెచ్చిన గడ్డపార నా చేతిలో ఉంది. ఎప్పుడూ ఆయాసపడుతూ మోసేవాణ్ణి, ఆ రోజు బరువే తెలియలేదు.

దారిలో గొడ్ల తొట్టి అడ్డం వచ్చింది. గడ్డపార వదలకుండానే ముఖం ముంచాను. తొట్టికి కొత్త పశువు వచ్చిందనుకుందేమో, బర్రె తాగడం ఆపి చూసింది. ముప్ఫై దాకా లెక్కపెట్టాలి. ఇరవై దగ్గర ఇంకో లెక్క గుర్తొచ్చింది.

నిన్న అమావాస్య. అమావాస్య నాటి నీళ్ళు గొడ్లకే గాని చెట్లకు కావని మా నాయన పెట్టిన కట్టడి. ఆ రోజు ఎవరి వంతులోకీ రాదు. నేను దాన్ని తమ్ముడి లెక్కలో వేశాను. ఈ రోజు వాడిదే.

తల ఎత్తేసరికి వాడు ఇటు తిరిగి ఉన్నాడు.

“ఏందన్నా, గొడ్డు మాదిరి తొట్లో తల పెట్టినావు?”

“ఎండగా ఉండాదిరా.”

“ఏడు కూడా కాలేదే.” వాడి చూపు నా ముఖం మీద లేదు. “గడ్డపార ఏందికి?”

“పాదులు తవ్వుదామని.”

“అయితే కింద పెట్టు.”

పెట్టాను. వాడు వచ్చి ఎడమచేత్తో దాన్ని తీసుకుపోయి తన పక్కన పెట్టుకున్నాడు. మళ్ళీ వాల్వు దగ్గరే కూర్చున్నాడు గాని, ఈసారి నాకు వీపు పెట్టలేదు.