మగ్గం గుంటలో బూడిద

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను జమ్మలమడుగు తాలూకాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. నాకు ముందున్నాయన ఇళ్లకు వెళ్లకుండా చావడిలో కూర్చునే విచారణ నివేదికలు రాశాడని సస్పెండయ్యాడు. ఆయన కుర్చీలో కూర్చున్న రోజే నా గుండెల్లో రాయి పడింది. స్వతహాగా నేను పిరికివాణ్ణి. రెవెన్యూ శాఖలో అదొక అర్హత కిందే లెక్క అనుకోండి.

పని దొరకని నేతగాళ్లకు అప్పట్లో సర్కారు కొన్నాళ్లు సాయం ఇచ్చింది. ఎదిగిన కొడుకు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటూ సాయం అడిగితే ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్లి చూడాలి. తండ్రి మగ్గం ఆడుతున్నా ఫరవాలేదు, కొడుకు మగ్గం మాత్రం నిజంగా ఆగి ఉండాలి. అబద్ధమని తేలితే సాయం రాకపోగా మోసం కింద కేసు. మా నివేదికల్లో కొన్నింటిని తహసీల్దారు మళ్లీ వెళ్లి సరిచూసేవారు. దాన్ని పైతనిఖీ అనేవాళ్లం.

ఆగిన మగ్గాన్ని పోల్చుకునే గుర్తు నాకు కరణం చెప్పాడు. మగ్గం మీద నిలువు దారాల పడుగు లేనంత మాత్రాన నమ్మకూడదట, చుట్టి అటక మీద దాచేస్తారట. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంటలోకి చూడాలి. నేసేవాడి గుంట శుభ్రంగా ఉంటుంది, ఆగినదాంట్లో దుమ్మూ బూజూ పేరుకుంటాయి.

ఆ గుర్తు పట్టుకుని, కరణాన్ని వెంటబెట్టుకుని, సాయం అడిగిన ఓబులేసు ఇంటికి వెళ్లాను. ఇరవై దాటిన కుర్రాడు, ఇంకా పెళ్లి కాలేదు. షావుకారు వాళ్ల నాన్న పుల్లన్న ఒక్కడికే నూలు ఇస్తున్నాడు. ఆ ఒక్క మగ్గం మీద ముగ్గురి గంజి నడవాలి. నన్ను చూడగానే ఓబులేసు మగ్గం పక్కకు తప్పుకున్నాడు. గుంటలోకి వంగి చూశాను. అద్దంలా ఊడ్చి ఉంది. మగ్గం గుంజకు కుంకుమ బొట్టు కూడా పెట్టారు. కరణం నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఈ మగ్గం ఆడుతోందని నేనన్నాను. ఓబులేసు తల్లి నరసమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

"నేనే ఊడ్సినా సామీ. సార్లు వస్తాండారని దండోరా ఏసిరి. బిడ్డ మగ్గం బూజు పట్టుంటే నలుగురికి ఎట్ల సూపిద్దును? ఇంటికి మంచిది గాదు."

నాకు నమ్మకం కుదిరింది. కానీ నమ్మకాన్ని నివేదికలో రాయలేం. ఏం చెయ్యాలో తోచక పైకి చూశాను. తండ్రి మగ్గం పైతాళ్లకు తెల్లగా నూలు పీచు పట్టి ఉంది. కొడుకు మగ్గం తాళ్లకు వంటపొయ్యి మసే తప్ప పీచు లేదు. ఆ మసి ఒక్కరోజులో పట్టేది కాదు. గుంట శుభ్రంగా ఉందనీ, తాళ్లకు పీచు లేదు కనుక మగ్గం ఆగినట్టేననీ రాసి పంపాను.

మరునాడే తహసీల్దారు పైతనిఖీకి వచ్చారు. తిన్నగా ఓబులేసు ఇంటికే వెళ్లారు. ఆయన వెనకాల నిలబడి నేనూ గుంటలోకి చూశాను. గుంట నిండా బూడిద. కర్రలకు బూజు కూడా అతికించి ఉంది.

ఆయన నా నివేదిక తీసి, గుంట శుభ్రంగా ఉందన్న వాక్యం పైకి చదివారు. అసలు మీరు ఈ ఇంటికి వచ్చారా అని అడిగారు. నా ముందున్నాయనను అడిగిన ప్రశ్న కూడా ఇదే. నేను గుంటలోని బూడిదనే చూస్తూ నిలబడ్డాను. కరణం నేల చూపులు చూశాడు. నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పుల్లన్న కొడుకు భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. నిజం చెబితే దొంగ సాక్ష్యం పుట్టించామని ఒప్పుకున్నట్టవుతుంది, ఇంట్లోవాళ్లకు జైలేనని అతని భయం.

ఓబులేసు ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

"ఈ సారు వచ్చినాడు సామీ. దండోరా ఇని ఊడ్సినాము, నిన్న గుంటలో దుమ్మే లేకుండె. మళ్లా వచ్చి సూసినప్పుడు శుభ్రంగా ఉంటే దుడ్లు రావని మాయమ్మ బయపడి రాత్రి బూడిద పోసింది. నాకు సాయం రాకపోయినా సరే, మాయమ్మను ఏమీ అనొద్దండి."

 తహసీల్దారు చెయ్యి పైకెత్తి ఓబులేసు మగ్గం తాడును వేలితో రుద్ది చూసుకున్నారు. వేలు నల్లబడింది. అక్కడే నిలబడి మంజూరు చేస్తూ సంతకం పెట్టారు. ఆ తర్వాత నావైపు తిరిగి, తనిఖీకి ముందు దండోరా ఎవరు వేయించారని అడిగారు. నేనేనన్నాను. నేను వచ్చానని ఊరంతా సాక్ష్యం ఉండాలన్న నా పిరికితనమే దాన్ని వేయించింది.

మిగిలిన నా సర్వీసంతా మళ్లీ తనిఖీకి ముందు దండోరా వేయించలేదు. ఆ ఇంట్లో రెండు రోజుల్లో నేను చూసిన శుభ్రమూ, బూడిదా రెండూ నా రాకకు పుట్టినవే. తనిఖీకి వెళ్లినవాడు మొదట లెక్కలోంచి తీసేయవలసింది తన భయాన్నే. నాకు ఉద్యోగం పోతుందన్న భయం, ఓబులేసుకు తల్లి జైలుకు పోతుందన్న భయం. నోరు విప్పింది మాత్రం అతనే.