ఏడో బెంచీ అడుగున

అందరూ పెన్సిలు బాబాయ్ అని పిలిచే వడ్రంగి చేతులు అప్పటికే బెంచీని బోర్లించి, అడుగున సాలెగూళ్లు తుడుస్తున్నాయి. ఆ చర్చిలో ఏ చెక్క విరిగినా బాగుచేసేది ఆయనే. చేసిన ప్రతిసారీ దాని అడుగున తేదీ వేసి, సంగతేమిటో పెన్సిలుతో రాయకపోతే ఆయనకి అన్నం సయించదు. అదొక్కటే జబ్బు. నలభై ఏళ్లయినా నయం కాలేదు.

"హెడ్మాస్టరు గారు కూర్చున్నారు. కాలు విరిగింది. బెంచీది," అని ఒకచోట. ప్రసంగం బల్ల అడుగున: "పాత పాస్టరు గారు నరకం గురించి చెబుతూ గుద్దారు. పలక చీలింది. పరలోకం గురించి చెప్పినప్పుడు ఏమీ కాలేదు." హార్మోనియం పెట్టె అడుగున: "దీంట్లో లోపం లేదు. లోపం కుట్టుపనామె గొంతులో ఉంది." అది చదివాక కుట్టుపనామె ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

సంఘ పెద్దలు ఓసారి నిలదీశారు. "దేవుడి మందిరంలో ఈ పిచ్చిరాతలేంటయ్యా?"

"కూర్చునేవాళ్లకి కనపడవు కదండీ. అన్నీ చూసేవాడు ఇంతవరకు ఏమీ అనలేదు."

ఇప్పుడు అనడానికి పెద్దలే లేరు. మిల్లు మూతపడ్డాక సగంమంది వలసపోయారు. జ్వరాల ఏడాది ఇంకొందరు మట్టిలో కలిశారు. ఆ మెథడిస్టు సంఘంలో మిగిలింది పదకొండుమంది. రేపు ఆఖరి ఆరాధన. ఎల్లుండి బెంచీలు కట్టెల అడితికి. రేపు చదవడానికి కుర్ర పాస్టరు గారు సంఘ చరిత్ర రాస్తున్నారు.

ఆయన ఎదుట కుట్టుపనామె నిలబడి చాలాసేపయింది. పదకొండు రోజులే బతికిన తన పాప పేరు ఆ చరిత్రలో ఒక్కసారి వినపడాలి, అంతే ఆవిడ కోరిక. ఇరవై ఏళ్లుగా ఆ పేరు ఎవరి నోటా వినలేదు.

"రిజిస్టరంతా వెతికానమ్మా. బాప్తిస్మం కాకముందే పోయింది కదా, 'ఒక శిశువు' అని ఉందంతే."

"పేరు నేను చెబుతున్నానుగా అయ్యగారూ."

"చెబితే చాలదమ్మా, ఎక్కడో రాసి ఉండాలి. పైవాళ్ల ఆజ్ఞ."

"రాసుంది," అన్నాడు బాబాయ్, తలెత్తకుండానే. "ఇదే, ఏడో బెంచీ."

"మీ రాతలు రికార్డెలా అవుతాయండీ?"

"తేదీ ఉంది, సంతకం ఉంది. మీ రిజిస్టరు సగం చెదలు తిన్నాయి. ఇది టేకు. రండి, వంగండి."

పాస్టరు గారు మోకాళ్ల మీద కూర్చుని పైకే చదివారు. "వెనక ఆనుకునే పలక తీసి పాపకి పెట్టె చేశాను. ఒక్క పలకే సరిపోయింది." ఆ తర్వాత పేరు. మూడక్షరాలు. కుట్టుపనామె బెంచీ కాలు పట్టుకుంది. పాస్టరు గారు కింది వరుసకి వచ్చారు. "కొత్త పలక బిగించాను. ఇవాళ వాళ్లమ్మ పాడలేదు. పాటంతా శ్రుతిలో ఉంది. ఏం బాగాలేదు."

కళ్లు తుడుచుకుంటూనే ఆవిడ ఫక్కున నవ్వింది.

పాస్టరు గారు లేచారు. కాగితం మీద 'ఒక శిశువు' కొట్టేసి పేరు రాశారు.

బాబాయ్ రంపం తీసి, రాత ఉన్నంతమేర చెక్క కోశాడు. అంచులు చిత్రిక పట్టాడు. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు, అక్షరాల జోలికి పోకుండా.

"రేపు నేను పాడతాను బాబాయ్. ముందే చెబుతున్నా."

"పాడమ్మాయ్. గట్టిగా పాడు. ఇంక విరగడానికేం మిగల్లేదు."

చెవి మీది పెన్సిలు తీసి, తేదీ వేసి, కింద ఒక ముక్క చేర్చాడు: "వాళ్లమ్మకి ఇచ్చేశాను."

ఇచ్చేశాడు.