గదిలోంచి తంబాకు బయటికి

మా ఆయన పసుపు మార్కెట్లో హమాలీ. ఏళ్ల తరబడి బస్తాలు మోశాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక పని మానేశాడు గానీ బీడీ మానలేదు. మాది ఒకటే గది, ముందు చిన్న వసారా. ఆయన మంచం మీద కూర్చుని కాల్చేవాడు. నేను గోడ వారగా కూర్చుని కార్ఖానాకు బీడీలు చుట్టేదాన్ని.

నా మనసు ఒక్కచోట నిలిచేది కాదు. ఆయన అగ్గిపుల్ల గీయగానే లేచి కిటికీ తెరిచేదాన్ని. పసుపు సీజన్లో తెరిస్తే, వీధి చివర పసుపు పాలిష్ పట్టే చోటి నుంచి దుమ్ము లోపలికి కొట్టేది. ఆయనకు దగ్గు అందుకునేది. మళ్లీ మూసేదాన్ని. మూస్తే పొగ. పొద్దంతా ఇదే తిరుగుడు.

“జర కూసోవే. నిన్ను సూస్తుంటెనే నాకు దమ్మొస్తున్నది.”

“బయటికి పోయి తాగరాదు?”

“గింత ఎండల ఏడికి పోవాలె?”

దుబాయిలో పనిచేసే మా తమ్ముడు సెలవు మీద వస్తూ గాలిని శుభ్రం చేసే మిషన్ తెచ్చాడు. గాలి బాగుంటే పచ్చ లైటు, పాడైతే ఎర్ర లైటు. ఆయన బీడీ ముట్టించిన ప్రతిసారీ ఎర్రగా వెలిగేది. “సూసినవా” అని నేను మిషన్ వైపు చేయి చూపేదాన్ని. ఆయన ముఖం తిప్పుకునేవాడు.

ఒకనాడు పొద్దున ఆయన, తమ్ముడు మందుల కోసం వెళ్లారు. నేను చాటలో బీడీల తంబాకు పోసి, దుమ్ము పోయేలా చెరుగుతున్నాను. ఎర్ర లైటు వెలిగింది. పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది, అగరుబత్తి కూడా లేదు. చేయి ఆపాను. కాసేపటికి పచ్చగా మారింది. మళ్లీ చెరిగాను. మళ్లీ ఎరుపే.

రెండు రోజులు ఆ మాట కడుపులోనే పెట్టుకున్నాను. చెబితే ఇక ఆయన్ని ఏమనగలను? చెప్పకపోతే ఆయన దగ్గినప్పుడల్లా నా చేతులే కనిపించేవి. చివరికి దవాఖానలో, ఆయన పక్కనుండగానే, డాక్టరమ్మకు చెప్పేశాను.

“ఇంట్లో తంబాకు పెట్టొద్దు, బీడీ ముట్టియ్యొద్దు. రెండూ చేసుకుంట మిషన్ పెడితే ఏం లాభం? అసలైతే బీడీ మొత్తం బంద్ చెయ్యాలె,” అందామె.

తిరుగు దారిలో, ఆటోలో, ఆయన నా వైపు తిరిగాడు.

“ఇన్ని దినాలు నన్నే అంటివి,” అన్నాడు.

“నిన్నే అన్న. నాది గూడ తప్పే.”

ఆ సాయంత్రమే తంబాకు, చాట, ఆకుల కట్టలు అన్నీ వసారాలోకి మార్చాను. ఎండకు అడ్డంగా గోనెపట్టా కట్టాను. రోజూ తడిగుడ్డతో గది తుడుస్తున్నాను. ఆయన నాలుగు రోజులు గొణిగి, ఆ తర్వాత రోడ్డు దాటి వెళ్లి కాల్చడం మొదలుపెట్టాడు. అంత దూరం నడవడం కష్టమై రోజూ బీడీ కట్టలో సగం మిగులుతోంది. బీడీ పూర్తిగా మాన్పించే మందు కోసం వచ్చే వారం దవాఖానకు పోదామని నిన్న తనే అన్నాడు.

జబ్బు పోలేదు. పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. పొద్దున దగ్గు మాత్రం తగ్గింది. నాకే కుదురు చిక్కడం లేదు. బీడీలు చుడుతూ చుడుతూ లేచి వెళ్లి, గుమ్మంలో నిలబడి, ఆయన ఊపిరి వింటున్నాను.