టైరులో దాక్కున్న టైరు

మా మేనత్త ఉత్తరాలు పంచుతుంది. ఆమె వంతుకు వచ్చింది ఎత్తు వీధి. ఆ ఏటవాలు మీద గేటు గేటుకీ సైకిల్ దిగాలి, మళ్ళీ ఎక్కి తొక్కాలి. ఇన్నేళ్ళూ ఆమెకది నల్లేరు మీద నడకే. అలాంటి మనిషి ఈమధ్య సగం వీధికే ఆయాసపడి సైకిల్ నెట్టుకుంటూ వస్తోంది. "నా కాళ్ళ పని అయిపోయిందే" అంటూ, సోమవారం నుంచి ఆఫీసులోనే కూర్చుని ఉత్తరాలు వేరు చేస్తానని పోస్టుమాస్టరుకు చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. కుర్చీకి అతుక్కుంటే ఆవిడ మా అత్తేనా!

బరువు తగ్గుతుందని గంట పీకేసింది, చైను కవరు పీకేసింది, చివరికి స్టాండూ పీకేసి సైకిల్‌ను గోడలకు చేరేస్తోంది. ఫలితం సున్నా. ఆదివారం నేనే బండిని లాక్కెళ్ళి మెకానిక్ ముందు పెట్టాను. అత్త సణుగుతూ వెంట వచ్చింది.

అతను వెనక చక్రం ఎత్తి తిప్పాడు. బద్ధకంగా కదిలింది. టైరు విప్పితే లోపల ఇంకో పాత టైరు!

"ఇదేంటక్కా?"

"పంక్చర్లు పడకుండా నేనే వేశా, రెండింటికీ. ఒక్క ముల్లు దిగితే ఒట్టు!" అంది అత్త గర్వంగా.

"ఎప్పుడేశావు?"

"మొన్న వానలకు ముందు."

"మరి కాళ్ళు ఎప్పట్నుంచి లాగుతున్నాయి?" అన్నాను నేను.

అత్త వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, లోపలి టైరు వైపు చూసింది.

"సంచిలో బరువైతే మోస్తే చాలక్కా. చక్రం అంచున బరువుంటే మోయాలి, తిప్పాలి కూడా. నువ్వేమో ఆగిన ప్రతిసారీ మొదట్నుంచి తిప్పాలాయె!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పాత టైర్లు పీకించాం. చిన్న చక్రాలైతే ఇంకా గబుక్కున కదులుతాయన్నాడు. "ఆ గుంతల్లో నా పళ్ళు రాల్తాయి, వద్దు" అంది అత్త.

సోమవారం ఉదయం, ఆఫీసు కుర్చీ ఎక్కే ముందు ఒక్కసారి తొక్కి చూడమన్నాను. మొదటి గేటు దగ్గర పెడల్ మీద కాలు వేసిందో లేదో, సైకిల్ చెంగున దూకింది! రెండో గేటు, మూడో గేటు. వెనక పరుగెత్తలేక నాకు రొప్పు వచ్చింది, ఆవిడకు నవ్వు వచ్చింది. వీధి చివరికంటా తొక్కింది! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

సరిగ్గా అక్కడే ముందు టైరు బుస్సుమంది. ముల్లు! అయిపోయింది, మళ్ళీ పాత టైరు అడుగుతుంది అనుకున్నాను. అత్త మాత్రం గాలి పోయిన సైకిల్ నెట్టుకుంటూ తిన్నగా ఆఫీసుకు నడిచింది.

పోస్టుమాస్టరు కుర్చీ తుడిపించి ఉంచాడు. "రామ్మా, కూర్చో."

"కూర్చోడానికి తీరికెక్కడిది సార్?" అంది అత్త. "పంక్చర్ వేయించుకోవాలి, రేపు మళ్ళీ ఎక్కాలి."