బొమ్మ గీయని డ్రాయింగు మాస్టారు

సొలొమోను మాస్టారు డ్రాయింగు మాస్టారు. ఆయన బొమ్మలు గీయరు.

జగ్గయ్యపేటలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ళుగా ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు డ్రాయింగు చెబుతున్నది ఆయనే. ఆ ఆరేళ్ళలో ఆయన బోర్డు మీద ఒక్క గీత గీయగా చూసిన మనిషి లేడు. రిజిస్టరులో సంతకం కూడా ఒక చిన్న గీతతో సరిపెట్టేస్తారనీ, అది కూడా అటూ ఇటూ చూసి పెడతారనీ ఆయా పుల్లమ్మ చెబుతుంది.

కొత్తగా చేరిన తెలుగు టీచరు ఉషశ్రీకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. ఎం.ఏ. చదివిన పిల్ల. నలుగురిలో గొంతు పెగలదు గానీ, ఏదైనా అంతుపట్టకపోతే అన్నం సహించదు. ధైర్యం కూడగట్టుకుని ఒకరోజు అడిగింది.

"మాస్టారూ, నా పాఠానికి బోర్డు మీద ఒక నెమలి గీసిపెడతారా?"

"అయ్యో, ఎంత మాటండీ. కుడిచెయ్యి బెణికింది గానీ, లేకపోతే గీసేవాణ్ణే."

పది రోజులు ఆగి తాబేలు అడిగింది.

"ఎడమచెయ్యి ఒకటే నొప్పండి."

"మొన్న కుడిచెయ్యన్నారు కదండీ?"

"నొప్పి మారిందండి," అన్నారాయన, ఎంతో బాధగా ముఖం పెట్టి.

గీయకపోతే మరి చెప్పేదేమిటి? నెలకొక చిత్రకారుణ్ణి తెచ్చేవారు. సిమెంటు బస్తా గుడ్డతో కుట్టించిన పెద్ద సంచీలో పాత క్యాలెండర్ల నుంచీ పుస్తకాల నుంచీ కత్తిరించిన బొమ్మలు ఉండేవి. ఆ చిత్రకారుల గురించి, నిన్నటిదాకా ఇదే స్టాఫ్‌రూములో కూర్చుని టీ తాగి సెలవు మీద వెళ్ళినవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. "విన్సెంట్ గారు ఈ పసుపు పోనివ్వరండీ" అంటుంటే, విన్సెంట్ గారంటే ఇంతకుముందు పనిచేసి మానేసిన మాస్టారు కాబోలు అనుకుంది ఉషశ్రీ, మూడు రోజుల పాటు.

విన్సెంట్ గారి నెలలో, ఆ విన్సెంట్ వాన్ గో వేసిన రాత్రి ఆకాశం బొమ్మ ఒకటి గోడకు తగిలించి, మాస్టారు వెనక్కి జరిగి నిలబడ్డారు.

"ఈయనకి ఆకాశం కదులుతున్నట్టు కనపడింది. మీకెట్టా కనపడుద్ది?"

"మా మేడ మీంచి చూస్తే కేబుల్ వైర్లే కనపడతాయండి," అన్నాడొకడు.

"అయితే వైర్లే గీయి. ఎవరొద్దన్నారు?"

మూడో తరగతి జాయిస్ కాగితమంతా ఎర్రరంగు పులిమింది. ఇదేమి ఆకాశమని ఉషశ్రీ అడిగితే, "మా మిరపకల్లం కాడ సాయంత్రం ఇట్టాగే ఉంటదండి టీచర్. కింద కాయలు ఎరుపు, పైన ఎరుపు. మధ్యలో మా అమ్మ," అంది. మధ్యలో నిజంగానే ఒక చిన్న నల్లచుక్క ఉంది. ఆ చుక్క నడుం వంచి ఉంది కూడా.

చుక్కలతో బొమ్మలు వేసిన సూరా గారి నెలలో స్కూలు వంటగదిలోని బెండకాయలు మాయమయ్యాయి. పిల్లలు వాటిని అడ్డంగా కోసి, రంగులో ముంచి అచ్చులు వేస్తున్నారు. వెతుక్కుంటూ వచ్చిన పుల్లమ్మ తెల్లచీర మీద, ఆమె వెనక్కి తిరిగేలోగా, పదకొండు నీలం పువ్వులు పడ్డాయి. "పులుసు పోయె, చీర పోయె," అని పుల్లమ్మ అరిచింది. తర్వాత ఆ చీరను ఆదివారం ప్రార్థనకు కట్టుకెళ్ళింది.

ఒకే ముఖాన్ని నాలుగు వైపుల నుంచీ చూసినట్టు గీసే పికాసో గారి నెలలో మాత్రం గొడవ కరస్పాండెంటు భవానీప్రసాద్ గారి ఇంట్లోనే మొదలైంది. ఆయన కొడుకు రవితేజ రెండో తరగతి. వాడు నాయనమ్మ దుర్గాంబ గారి బొమ్మ గీశాడు. కళ్ళు రెండూ ఒకే పక్కన, ముక్కు చెవి దగ్గర. ఆవిడ ఆ కాగితం పట్టుకుని స్కూలుకి వచ్చేసింది.

"ఇదిగో మాస్టారూ, నా ముక్కు ఇక్కడుందా?"

"లేదండమ్మా. మీరు పొయ్యి మీద పాలూ, గేటు దగ్గర మనవణ్ణీ ఒకేసారి చూస్తారటగా. వాడు అది గీశాడండి."

దుర్గాంబ గారు కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "అదైతే నిజమే. ఒక కన్ను వీడి మీదే ఉంటది నాకు," అని, దానికి ఫ్రేము కట్టించడానికి సరాసరి బజారుకి వెళ్ళిపోయింది.

ఆవిడ శాంతించింది గానీ, ఆ ఫ్రేము తన ఇంటి హాల్లో చూసిన భవానీప్రసాద్ గారు శాంతించలేదు. మర్నాడు స్టాఫ్‌రూముకి వచ్చారు.

"మాస్టారూ, అసలు మీకు బొమ్మ గీయటం వచ్చా?"

"చెయ్యి కొంచెం నొప్పిగా..."

"ఆరేళ్ళ నుంచా? వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగు. వాళ్ళందరి ముందు బోర్డు మీద గుర్రాన్ని గీసి చూపించండి. గీయలేకపోతే జూన్ నుంచి వేరే మాస్టార్ని పెట్టుకుంటా. ఏమనుకోవద్దు."

ఆ సాయంత్రం నందిగామ బస్సులో ఉషశ్రీకి మాస్టారి వెనక సీటు దొరికింది. ఆయన వేరుశనక్కాయలు తినేసి, పొట్లం కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుని పెన్సిలుతో ఏదో చేస్తున్నారు. ఆమె ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. కడ్డీకి ఆనుకుని కునుకుతున్న కండక్టరు. ఎనిమిదో తొమ్మిదో గీతలు, అంతే. లేచి టికెట్ అడుగుతాడేమోనన్నట్టు ఉన్నాడు కాగితం మీద.

"ఇది ఏ చేత్తో గీశారండీ?" అంది ఉషశ్రీ. ఆమె ఎవరినైనా తనంతట తాను నిలదీయడం అదే మొదలు.

దొరికిపోయిన మాస్టారు పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు.

"మైలవరంలో పనిచేసేటప్పుడు బోర్డు మీద ఒక చిలకని గీశానండి. బాగా గీశా. గీస్తుంటే సుద్దముక్క విరిగి తోక మీద ఒక పిచ్చిగీత పడింది. పిల్లల కాగితాలు తీసుకుంటే నలభై రెండు చిలకలు, నలభై రెంటి తోక మీదా ఆ పిచ్చిగీత. అందులో ఒక పిల్ల అంతకుముందే తన చిలకని గీసుకుని ఉందండి. బస్సంత చిలక. దాని వీపు మీద ఊరంతా ఎక్కింది. నాది చూసి అది చెరిపేసుకుంది. చెరిపినచోట కాగితం చిరిగింది కూడా. ఇక నాకు మళ్ళీ చెయ్యి ఆడలేదు. పిల్లలున్నచోట."

"శనివారం గీసేయండి మాస్టారూ. ఒక్కసారికి ఏం కాదు. ఉద్యోగం పోతుందండీ."

"గీస్తే ఇక్కడ కూడా నలభై గుర్రాలు ఒకటే అవుతాయండి."

"గీయకపోతే మీరుండరు."

"ఆలోచిద్దాం లెండి," అంటూ ఆ పొట్లం కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టారు. "ఇది మాత్రం ఎవరికీ చూపించబాకండి."

శనివారం వచ్చింది. వెనక తల్లిదండ్రులు, ముందు పిల్లలు. పిల్లలందరి దగ్గరా తలొక తెల్ల కాగితం, చెక్కిన పెన్సిలు. మాస్టారు గీస్తే చూసి దించుకోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఉషశ్రీ సంచీలో పొట్లం కాగితం ఉంది. తీసి చూపిద్దామా అని మూడుసార్లు లేవబోయి మూడుసార్లు కూర్చుంది.

మాస్టారు సుద్దముక్క అందుకున్నారు. గీశారు.

అది గుర్రం కాదు. గేదె అందామంటే కొమ్ములు లేవు. నాలుగు కాళ్ళలో ఒకటి కడుపులోంచి బయల్దేరి తోక వైపు వెళ్ళింది. మెడ మంచంకోడులా ఉంది. తల్లిదండ్రుల్లో ఎవరో దగ్గారు. భవానీప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు.

జాయిస్ లేచి నిలబడింది. "మాస్టారూ, మోకాలు అటు వంగదండి."

"అట్టాగా? మరెట్టా వంగుద్దమ్మా? వచ్చి చూపించు."

జాయిస్ కాలు సరిచేసింది. రవితేజ, కళ్ళు రెండూ ఒక పక్కకే ఉంటే గడ్డినీ, దారినీ ఒకేసారి చూస్తుందన్నాడు. ఇంకొకడు కడుపు నిండా చుక్కలు పెట్టాడు. అయిదు నిమిషాల్లో బోర్డు దగ్గర చోటు చాలక మిగతావాళ్ళు కాగితాల మీద పడ్డారు. ఎవరి గుర్రం వాళ్ళది. వెనక నుంచి దుర్గాంబ గారు, "జూలు అట్టా ఉండదురా, మీ ముత్తాత గుర్రం జూలు ఇట్టా పడేది," అని చేతులు ఊపింది. ఆవిడ చెబుతుంటే గీయడానికి ఎవరూ దొరక్క భవానీప్రసాద్ గారు తానే లేచారు. ఆయన సుద్దముక్క కింద పెట్టేసరికి పావుగంటయింది. చొక్కా అంతా తెల్లగా అయిపోయింది. గుర్రానికి జూలు, కళ్ళెం, జీను వచ్చాయి, దాని మీదకి తలపాగాతో ఒక తాత కూడా వచ్చాడు.

వెళ్ళేముందు ఆయన ఉషశ్రీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"ఆయనకి గీయటం బొత్తిగా రాదమ్మా. పిల్లలకెట్టా వచ్చిందో నాకర్థం కాలా. పోనీలే, ఉండనిద్దాం. ఈ సంగతి బయట అనబాక, పాపం చిన్నబుచ్చుకుంటారు."

"అలాగేనండి," అంది ఉషశ్రీ, సంచీని గట్టిగా పట్టుకుని.

అందరూ వెళ్ళాక మాస్టారు చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటున్నారు.

"ఇవాళ ఏ చెయ్యి నొప్పండీ?" అంది.

"రెండూనండి," అన్నారాయన. "అంత ఘోరంగా గీయాలంటే మాటలా? నాలుగు రోజులు ప్రాక్టీసు చేశా."